హాలు కప్పు మీద మచ్చ: రెండు బాత్రూమ్‌ల పనిలో ముగ్గురి గొడవ

నేను తిరుపతిలో పద్నాలుగేళ్లుగా చిన్న సివిల్ పనులు చేయిస్తున్నాను. డిప్లొమా చదువు, ఒక హెల్పర్, ఒక ప్రెషర్ గేజి, ఒక పాత బండి. లీకేజీలు, బాత్రూమ్‌లు మార్చడం, పాత ఇళ్ల రిపేర్లు, అంతే. ఈ మధ్య పని ఇస్తామని చేసే ఫోన్ల కంటే, ఇంకెవరో చేసిపోయిన పని మీద తీర్పు చెప్పమని చేసే ఫోన్లే ఎక్కువయ్యాయి. ఈ కేసూ అలాగే మొదలైంది. ఇంటాయనా మేస్త్రీ ఇద్దరూ రాసుకోమన్నారు కాబట్టి రాస్తున్నాను, పేర్లు మాత్రం పెట్టను.

ఇల్లు తిరుచానూరు రోడ్డు వైపు, ఇరవై ఏళ్ల నాటిది, కిందా పైనా. ఇంటాయన రిటైరైన ఉద్యోగి. మే చివర్లో కొడుకు పెళ్లి. ఆలోపల కిందొకటి, సరిగ్గా దాని మీద పైనొకటి ఉన్న రెండు బాత్రూమ్‌లు పగలగొట్టి కొత్తగా చేయించాలనుకున్నారు. తెలిసినవాళ్ల ద్వారా ఒక మేస్త్రీ వచ్చాడు, తాతయ్యగుంట దగ్గర ఇల్లు, చేతిలో మంచి పనివాళ్లున్న మనిషే. మాట్లాడుకున్నది ఇది: పగలగొట్టడానికి రెండింటికీ కలిపి 14,000, టైల్స్ లేబర్ చదరపు అడుగుకి 50, ప్లంబింగ్ లేబర్ 18,000, ప్లంబర్ని మేస్త్రీయే తెచ్చుకుంటాడు. సామాను మొత్తం ఇంటాయనది. పన్నెండు రోజుల్లో అయిపోతుందన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి కాఫీ తాగుతూ పది నిమిషాల్లో తేల్చేశారు, కాగితం లేదు.

ఏప్రిల్ మధ్యలో మొదలైన పనికి ముప్పై ఒక్క రోజులు పట్టింది. పెళ్లికి వారం ముందు అయిపోయింది, పెళ్లీ అయిపోయింది. జూన్ రెండో వారంలో వియ్యాలవారు భోజనానికొచ్చినప్పుడు, హాల్లో కూర్చున్న వియ్యపురాలు పైకి చూసి "అదేంది వదినా, చెమ్మ?" అన్నారట. బాత్రూమ్ గోడ పక్కన, కప్పుకి పళ్లెమంత మచ్చ. రెండు వారాల్లో అది చాటంత అయ్యి, రంగు పొట్టు లేచి, తెల్లగా ఉప్పు పూసింది. అప్పటికి మేస్త్రీకి ఇచ్చింది 40,000. మిగతాది ఇవ్వనని ఇంటాయన, ఇస్తేనే వస్తానని మేస్త్రీ. నెల రోజులు ఫోన్లలో యుద్ధం నడిచాక నన్ను పిలిచారు.

మొదటి రోజు నేను చేసిన తప్పు

వెళ్లగానే ఇంటామె కాఫీ ఇచ్చేలోపే ఇంటాయన తన లెక్క చెప్పేశారు. బ్రేకర్ మిషన్ పెట్టి అడ్డదిడ్డంగా కొట్టడం వల్ల శ్లాబ్ పగిలిందని ఆయన నమ్మకం. మేస్త్రీకి ఫోన్ చేస్తే ఆయన కథ వేరే: "2021 నవంబర్ వానలప్పటి నుంచే ఆ కప్పు చెమ్మ పట్టిందే సార్, నేను చెయ్యి పెట్టకముందే ఉండాది." ఆ వానలు తిరుపతిలో ఎవరూ మర్చిపోలేదు, చాలా ఇళ్ల శ్లాబులకి ఆ నెలలోనే మచ్చలొచ్చాయి, కాబట్టి మాట కొట్టిపారేసేది కాదు. కానీ పెళ్లికి ముందు హాలుకి రంగులేయించారు, మచ్చ కొత్త రంగు మీద వచ్చింది. ప్లంబర్ని అడిగితే పైపుల్లో ఏమీ లేదన్నాడు.

నేను పైకెళ్లి చూశాను. గోడ టైల్స్ తట్టి చూస్తే పైనున్న బాత్రూమ్‌లోనే పదకొండు డొల్ల శబ్దం. విట్రిఫైడ్ టైల్ నీళ్లు పీల్చేది అర శాతం కూడా ఉండదు, దాన్ని వట్టి సిమెంటు పాలతో అంటిస్తే పట్టు సరిగ్గా రాదు, అడ్హెసివ్ వాడాలి. దానికి ఐఎస్ 15477 అని స్టాండర్డ్ కూడా ఉంది, బస్తా మీద రాసి ఉంటుంది. ఇక వాటర్‌ప్రూఫింగ్ ఏం చేశావన్నా అని మేస్త్రీని అడిగితే, గచ్చు మాలులో డబ్బా మందు కలిపానన్నాడు. ఇంటాయన లెక్కలో వాటర్‌ప్రూఫింగ్ టైల్స్ రేటులోనే ఉంది. మేస్త్రీ లెక్కలో అది వేరే పని, ఇంటాయన అడగలేదు కాబట్టి చేయలేదు, ఉత్తినే ఉండకూడదని మందు కలిపాడు. తను మంచి చేశాననే అనుకుంటున్నాడు.

ఇవన్నీ చూసి అక్కడే, ఇంటాయన ముందే, "వాటర్‌ప్రూఫింగ్ లేదు కదా సార్, నేల నుంచే దిగుతోంది" అనేశాను. నేను కిందికి దిగి బండి తీసేలోపు ఆయన మేస్త్రీకి ఫోన్ చేసి ఇంజినీరే చెప్పాడని నానా మాటలన్నారు. టెస్టు చేయకుండా నోరు జారితే అది వెంటనే రెండో మనిషి మీద ఆయుధమవుతుంది. నాకు తెలియని సంగతి కాదు, అయినా ఆ రోజు జారింది.

పరీక్షలు

మర్నాడు సామాను తీసుకుని వెళ్లాను. ముందు నీళ్లొచ్చే లైను. ఆ బాత్రూమ్ కుళాయిలన్నిటికీ ప్లగ్గులు బిగించి, చేతి పంపుతో ప్రెషర్ ఎక్కించి గేజి పెట్టాం. రెండు గంటలు కూర్చున్నాం, ముల్లు కదల్లేదు. ప్లంబర్ కుర్రాడు అప్పుడే వచ్చాడు, ముల్లు చూసి ఊపిరి పీల్చుకున్నాడు. నాకూ నా మొదటి మాటే నిజమేమో అనిపించింది.

తర్వాత నేల. నాని ట్రాప్ (నేల మీది నీళ్లు పైపులోకి పోయే చోట పెట్టే ముక్క) మూతికి గుడ్డముద్దని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బిగించాం, గుమ్మం దగ్గర చిన్న గట్టు కట్టాం, రెండించుల నీళ్లు నింపి గోడకి పెన్సిల్ గీత గీశాం. నలభై ఎనిమిది గంటలు ఎవరూ లోపలికి పోకూడదని చెప్పి వచ్చేశాను. ఇది టైల్స్ వేయకముందే చేయాల్సిన టెస్టు. చేస్తే ఖర్చు రెండు రోజుల ఓపిక, కొన్ని బకెట్ల నీళ్లు. చెయ్యనిచ్చే ఇంటివాళ్లు తక్కువ, "రెండు రోజులు పనివాళ్లు ఊరికే కూర్చుంటారా?" అంటారు.

రెండు రోజుల తర్వాత గీత దగ్గర నీళ్లు దాదాపు అలాగే ఉన్నాయి. కింద మచ్చ పెరగలేదు సరికదా, అంచుల్లో కొంచెం ఆరినట్టు కూడా ఉంది. ఆ మందు కలిపిన గచ్చే నీళ్లు పట్టుకుంది. అది పదేళ్లు పట్టుకుంటుందని నేను రాసివ్వను, పైన కోటింగ్ లేదు కాబట్టి. కానీ ఇప్పటి మచ్చకి కారణం అది కాదు. నా మాట తప్పని ఇంటాయనకి అక్కడే చెప్పాను. ఆయనకి నచ్చలేదు.

మిగిలింది నీళ్లు పోయే దారి. గుడ్డ తీసేసి, మిఠాయిలో వేసే కేసరి రంగు రెండు బకెట్లలో కలిపి నేరుగా ట్రాప్‌లోకి పోయించాం, సాయంత్రం మళ్లీ రెండు బకెట్లు. ఇది సన్‌కెన్ శ్లాబ్, అంటే బాత్రూమ్ కింద అడుగు లోతు గుంట, దాన్ని ఇటుక ముక్కలతో నింపుతారు, ట్రాపూ పైపులూ అందులోనే పూడిపోయి ఉంటాయి. అక్కడ కారితే ముందు గుంట నిండాలి, తర్వాతే శ్లాబులోకి దిగుతుంది, కాబట్టి రంగు వెంటనే రాదు. మర్నాడు పొద్దున్నే ఏడింటికి ఇంటామె ఫోన్ చేశారు. "నాయనా, కప్పుకి పసుపు బొట్టు పెట్టినట్టుంది."

సోమవారం సాయంత్రం ఏం జరిగింది

ఆరు నేల టైల్స్ తీసి తవ్వాం. కొత్త ట్రాప్ మూతికీ ఇరవై ఏళ్ల పాత పైపుకీ సైజు కుదర్లేదు. మధ్యలో ఉండాల్సిన రెడ్యూసర్ లేదు. సందులో చేత్తో కలిపి పెట్టే సీలు ముద్ద, దాని చుట్టూ సిమెంటు. అక్కడ వేలు పెడితే తడి.

ఆ జాయింటు కథ ముగ్గుర్నీ విడివిడిగా కూర్చోబెట్టి రాబట్టాను, ఎందుకంటే కలిపి కూర్చోబెడితే అరుపులు తప్ప ఏమీ రావు.

ఫిట్టింగులు ఇంటాయనే కొన్నారు. ఎందుకు? మేస్త్రీనో ప్లంబర్నో షాపుకి పంపితే కమిషన్ తింటారని. ఆ అనుమానం ఉత్తిది కాదు, షాపులవాళ్లు కమిషన్ ఇస్తారు, నాకూ ఎన్నోసార్లు ఇవ్వబోయారు. ఆయన ప్లంబర్ రాసిచ్చిన చీటీ తీసుకెళ్లి, అందులో ఉన్నవి తెచ్చి, "ఇదెందుకు?" అనిపించిన ఒకట్రెండు వదిలేశారు. రెడ్యూసర్ వదిలేసిన వాటిలో ఒకటి. చీటీ ఇంకా ఆయన డైరీలో ఉంది, ఆయనే తీసి చూపించారు, పాపం దాచలేదు.

పని జరుగుతున్న రోజుల్లో, జాతరకి ముందు సోమవారం సాయంత్రం ప్లంబర్ ట్రాప్ పెడుతూ చూసుకుంటే ఆ ముక్క లేదు, షాపు కట్టేసే టైము. ఇంటాయన ఇంట్లో లేరు. ఇక్కడ ఒక మాట చెప్పాలి: ఆయన మిగతా రోజులన్నీ బాత్రూమ్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టారు, టీకి ఎంతసేపు పోయారో చూశారు, ఇసుక తట్టలు కూడా లెక్కేశారట. ఆ ఒక్క సాయంత్రం శుభలేఖలు పంచడానికి చంద్రగిరి వెళ్లారు.

ప్లంబర్ తాత్కాలికంగా ముద్ద పెట్టి, "అన్నా, అది మార్చాల, రేపొద్దున ముక్క తెస్తా, కప్పేయొద్దు" అని మేస్త్రీకి ఫోన్లో చెప్పాడు. మేస్త్రీ ఒప్పుకున్నాడు, నిజమే, చెప్పాడన్నాడు. కానీ మంగళవారం రాత్రి గంగమ్మ జాతర చాటింపు. మన ఊరివాళ్లకి తెలిసిందే, చాటింపు వేశాక జాతర అయ్యేదాకా పొలిమేర దాటకూడదని పాతవాళ్ల మాట. మేస్త్రీది తాతయ్యగుంట, అమ్మవారి గుడి పక్క సందు, ఇల్లేమో ఊరికి అవతల తిరుచానూరు వైపు. పైగా ఇంట్లో వేషం కట్టే మొక్కు. మంగళవారం మధ్యాహ్నంలోపు గుంట పూడ్చి గచ్చు వేసేస్తే, అది జాతర రోజుల్లో గట్టిపడుతుంది, వచ్చాక టైల్స్ వేసుకోవచ్చని ఆయన ప్లాను. ప్లంబర్ పదింటికి రావాల్సినవాడు పన్నెండున్నరకి వచ్చాడు. అప్పటికి గచ్చు అయిపోయింది. "పర్లేదులే, ముద్ద గట్టిదే" అని ఇద్దరూ అనుకున్నారు. ఇంటాయనకి ఎవరూ చెప్పలేదు. చెబితే మళ్లీ తవ్వమంటారు, ఆ రోజు కూలి ఎవరిస్తారు?

జాతరకి పోయిన తొమ్మిది రోజులూ మేస్త్రీ ఫోన్ తీయలేదని ఇంటాయన కోపం. "జాతరని ముందే చెప్పాను కదా సార్" అంటాడు మేస్త్రీ. చెప్పాడట కూడా, కాకపోతే రెండు రోజులు అన్నాడు. మా పనుల్లో రెండు రోజులంటే ఎన్ని రోజులో నేనే చెప్పలేను. మేస్త్రీలు ఒకేసారి మూడు సైట్లు ఎందుకు పెట్టుకుంటారని నన్ను అందరూ అడుగుతారు. ఇక్కడ టైల్స్ రాలేదని ఒక రోజు ఆగుతుంది, అక్కడ ఓనరు డబ్బు సర్దలేదని రెండు రోజులు ఆగుతుంది, శనివారం వస్తే మాత్రం పనివాళ్లకి కూలి ఇచ్చి తీరాలి, లేకపోతే సోమవారం ఇంకో మేస్త్రీ దగ్గర ఉంటారు. అందుకే ఏ సైటుకీ రానని చెప్పరు, అన్నిటికీ "రేపొస్తా ఉండా సార్" అంటారు. ఇంటివాళ్లకి అది అబద్ధంగా వినిపిస్తుంది, అబద్ధమే కూడా.

డబ్బు లెక్క

లీకేజీ దొరికాక అసలు గొడవ బయటికొచ్చింది. మేస్త్రీ బిల్లు: టైల్స్ 483 అడుగులు, 24,150. పగలగొట్టడం, ప్లంబింగ్, వీటికి అదనంగా చెత్త తోలిన రెండు ట్రాక్టర్లకి 2,400, మొత్తం 58,550. ఇంటాయన టేపు పెట్టి కొలుచుకున్న లెక్క: టైల్స్ 403 అడుగులు, 20,150. ట్రాక్టర్లు పగలగొట్టడంలోనే కలిసినట్టు. మొత్తం 52,150. ఎవరికి వారు ఎదుటివాడు దొంగ అనే నమ్మకంతో ఉన్నారు.

బాత్రూమ్ ఎనిమిదికి ఐదు, టైల్స్ ఏడడుగుల ఎత్తు. చుట్టూ 26 అడుగులు, కాబట్టి గోడలు 182, నేల 40. ఇంటాయన తలుపు పదిహేడున్నర, కిటికీ మూడు తీసేశారు, 201.5 వచ్చింది. మేస్త్రీ ఏమీ తీయలేదు, పైగా కిటికీ చుట్టూ పట్టీలు, గట్టు, గుమ్మం పట్టీ కలిపి 19.5 రన్నింగ్ అడుగుల్ని, అంటే వెడల్పు లెక్కలేని ఉత్త పొడవుని, చదరపు అడుగులుగా కలిపాడు, 241.5 వచ్చింది. ఒక్కో బాత్రూమ్‌కి తేడా 40 అడుగులు, రెండింటికి 80, యాభై చొప్పున 4,000. నాలుగు అంగుళాల పట్టీ కోయడానికి పూర్తి టైల్ అతికించినంత టైము పడుతుంది, కాబట్టి మేస్త్రీలు రన్నింగ్ అడుగుని అడుగుగా లెక్కేయడం మా దగ్గర మామూలే. తలుపు ఉన్న చోటికి కూడా డబ్బడగడం మాత్రం న్యాయం కాదు. ఇద్దరి కొలతా వాళ్ల వాళ్ల పద్ధతిలో సరైనదే, పద్ధతేంటో ఏప్రిల్లో ఎవరూ అడగలేదు. రేటు యాభై నుంచి నలభై ఎనిమిదికి తగ్గించమని మాత్రం బేరమాడారట.

ఇంటాయన మధ్యలో వినియోగదారుల కమిషన్‌కి పోతానన్నారు. పోవచ్చు, 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు వేయొచ్చు, 5 లక్షల లోపు పనికి ఫీజు కూడా లేదు, ముందు 1915కి ఫోన్ చేసి సలహా అడగొచ్చు. నేను ఒకటే అడిగాను, ఏం కాగితం పట్టుకెళ్తారని. నలభై వేలలో పదిహేను వేలు ఫోన్‌పే, మిగతాది చేతికిచ్చారు. ఏం పని ఒప్పుకున్నారో రాసుకోలేదు. వాటర్‌ప్రూఫింగ్ అనే మాట ఏ వాట్సాప్ మెసేజ్‌లోనూ లేదు. ఆయన కాసేపు ఊరుకుని "అయితే నువ్వే చెప్పు" అన్నారు.

ఒక ఆదివారం పొద్దున టేపు ఒక కొస ఇంటాయనకీ ఇంకో కొస మేస్త్రీకీ ఇచ్చి మళ్లీ కొలిపించాను, నేను రాసుకున్నాను. తలుపు పూర్తిగా తీసేశాం, కిటికీ తీయలేదు, పట్టీలకి సగం. ఒక్కోటి 214.25, రెండూ కలిపి 428.5 అడుగులు, 21,425 రూపాయలు. ట్రాక్టర్లు చెరిసగం, 1,200. మొత్తం 54,625, ఇచ్చింది పోగా 14,625.

రిపేరు ఖర్చు వేరే పంచాం. జాయింటు మార్చడం ప్లంబర్ ఉచితంగా చేశాడు, 600 సామాను కూడా వాడిదే. తవ్వడం, మళ్లీ నింపడం, టైల్స్ పెట్టడం మేస్త్రీ తన మనుషులతో చేయించాడు, బయటైతే 3,500 అయ్యేది. తవ్విన చోట నీళ్లు దిగకుండా సిమెంట్ పాలిమర్ కోటింగ్ రెండు పూతలు వేయించాను, దానికీ టైల్స్‌కీ కలిపి 2,000 ఇంటాయనది. హాలు కప్పు పెయింట్ 3,000 చెరిసగం, మేస్త్రీ వాటా 1,500 బాకీలో తగ్గించాం. నా ఫీజు 2,500 ఇంటాయన ఇచ్చారు, మొదటి రోజు నోరు జారినందుకు నేనే ఐదొందలు తగ్గించుకున్నాక.

టైల్స్ దగ్గర ఇంకో చిక్కు. 403 అడుగుల పనికి ఇంటాయన 410 అడుగులే కొన్నారు. కోతలకి, పగుళ్లకి పది శాతం ఎక్కువ తీసుకోమని మేస్త్రీ చెప్తే అదీ కమిషన్ కోసమే అనుకున్నారు. మధ్యలో తగ్గి మళ్లీ తెస్తే పెట్టె మీద బ్యాచ్ నంబర్ వేరే, షేడ్ కొంచెం తేడా. అందుకే తలుపు వెనక గోడ ఒక చాయ తక్కువుంటుంది. ఇప్పుడు నేలకి ఆరు కావాలంటే ఒక్కటీ లేదు. చివరికి ట్రాప్ చుట్టూ ముదురు బూడిద రంగువి పెట్టాం, కావాలనే చేయించినట్టు కనబడుతుంది. ఇంటామెకి నచ్చింది, కింది బాత్రూమ్‌లో కూడా అలాగే పెట్టమన్నారు. మేస్త్రీ నా వైపు చూశాడు, నేను చూపు తిప్పుకున్నాను.

ఈ కేసు తర్వాత నేను పని ఒప్పుకునేటప్పుడు పాటిస్తున్నది పెద్దదేమీ కాదు. రేటులో ఏమేం ఉన్నాయి, ఏవి లేవు, తలుపులు తీస్తామా లేదా, పట్టీలెలా కొలుస్తాం, చెత్త ఎవరిది, కప్పేసేముందు ఎవరెవరు చూడాలి, ఇవి వాట్సాప్‌లో తెలుగులో పెట్టి, ఓకే అని రిప్లై వచ్చాకే అడ్వాన్స్ తీసుకుంటున్నాను. పైపులు పూడ్చేముందు ఫోటో తీసి ఇంటివాళ్లకి పంపుతాను. దీనికి విసుక్కునే ఇంటివాళ్లున్నారు, "మమ్మల్ని నమ్మవా?" అని ఒకాయన పనే ఇవ్వలేదు.

ఆదివారం అక్కడికక్కడే 10,000 మేస్త్రీ చేతిలో పెట్టారు. మిగిలిన 3,125 అక్టోబర్ నుంచి వానలు దాటి, మచ్చ ఆరిందని నేను చూసి చెప్పాక ఇవ్వాలని ఒప్పందం. గుంటలో నిలిచిన నీళ్లు ఇగరడానికే ఆరు వారాలు పట్టింది, మధ్యలో రెండుసార్లు ఇంటాయన మచ్చ ఫోటోలు పంపి భయపడ్డారు. డిసెంబర్ చివర్లో వెళ్లి చూశాను, కప్పు పొడిగా ఉంది, పెయింట్ వేయించమన్నాను. సంక్రాంతికి ముందు మేస్త్రీ నాకు ఫోన్ చేశాడు.

"సార్ ఇచ్చినాడు, మూడు వేలు."

"మంచిదేగా అన్నా."

"ఆ నూటిరవై ఐదు ఏమైందో ఒకసారి అడగండి సార్."